తీర్పుకు ముందు దిగివచ్చి చూసే దేవుడు

ఆదిమ సంఘంలో విశ్వాసుల మధ్య తలెత్తిన మొట్టమొదటి సణుగుడు సిద్ధాంతాల గురించి కాదు, తిండి గురించి! యెరూషలేములో శిష్యుల సంఖ్య రోజురోజుకూ పెరుగుతోంది. బీద విధవరాండ్రకు ప్రతిరోజూ ఆహారం పంచుతున్నారు. అయితే గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు ఆ పంపిణీలో అన్యాయం జరుగుతోందని వారి తరఫువారు సణుక్కున్నారు (అపొ.కా. 6:1). ఎవరో కక్షగట్టి వారి కడుపు మాడ్చారని బైబిలు చెప్పడం లేదు. పంచేవారికి తెలిసిన ముఖాలు ముందు కనబడి ఉంటాయి, తెలియని ముఖాలు వెనకబడి ఉంటాయి. భాష వేరు, పేర్లు వేరు, బంధుత్వాలు వేరు. పెద్దదైపోయిన జాబితాలో కొన్ని పేర్లు జారిపోయాయి.

అపొస్తలులు ఏం చేశారు? తమ లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయని వాదించలేదు. సణిగినవారిని మందలించలేదు. అందరినీ పిలిచి, ఆ పని కోసం ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు ఒకసారి చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. అన్నీ గ్రీకు పేర్లే! ఎవరి విధవరాండ్రకు అన్యాయం జరిగిందో వారి భాష తెలిసినవారి చేతికే పంపిణీని అప్పగించారన్నమాట. పైగా వారు ఆత్మపూర్ణులూ, జ్ఞానులూ, నలుగురిలో మంచిపేరున్నవారూ అయి ఉండాలన్నది షరతు. రొట్టెలు పంచడానికి ఇంత అర్హత కావాలా అనిపించవచ్చు. కావాలి. ఒక విధవరాలి పూట భోజనాన్ని నిర్ణయించే కుర్చీ చాలా పెద్ద కుర్చీ. అందులో ఎవరు పడితే వారు కూర్చోకూడదు.

మరి ఈ రోజుల్లో ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు? చాలాచోట్ల కంప్యూటరు కూర్చుంటోంది. రేషను ఎవరికివ్వాలి, పింఛను ఎవరికి ఆపాలి, ఎవరిని అనుమానించాలి అన్నవి యంత్రాలు తేల్చి చెప్పే కాలమిది. కృత్రిమ మేధ రాకతో ఈ వేగం ఇంకా పెరుగుతోంది. ఇది పెద్ద చదువులు చదివినవారి సంగతి, మనకెందుకు అని విశ్వాసులు అనుకోవడానికి లేదు. అది మన చర్చి గుమ్మం దాటి లోపలికి ఎప్పుడో వచ్చింది.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక వృద్ధ సహోదరి ఆదివారం ఆరాధన అయ్యాక వెనకే నిలబడిపోయింది. "అయ్యగారూ, రెండు నెలలైంది బియ్యం ఇవ్వట్లేదు. నా కార్డు లిస్టులో లేదంటున్నాడు డీలరు" అంది. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాం. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడే, ఆమెకు కుర్చీ వేశాడు. కంప్యూటరులో చూసి, "మేం తీసెయ్యలేదండి, సిస్టమ్‌లోనే తీసేసి వచ్చింది" అన్నాడు. ఎందుకని అడిగితే, "కారణం మాకు కనబడదు సార్" అన్నాడు. అతని పై అధికారినీ అడిగాం, అదే మాట. ఆమె మాత్రం, "మరి ఎవర్ని అడగాలి బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

నెలల తరబడి తిరిగితే తేలిందేమిటంటే, ఆమె పేరూ భర్త పేరూ ఉన్న మరో స్త్రీకి వేరే ఊళ్లో ఎకరాల కొద్దీ భూమి ఉంది. యంత్రం ఇద్దరినీ ఒక్కరే అనుకుంది. మన సంఘాల్లో మరియమ్మలెందరు, కరుణమ్మలెందరు? పైగా మనవాళ్లకు బాప్తిస్మం పేరొకటి, బడి రికార్డులో పేరు మరొకటి. అదే పేరును ఇంగ్లీషులో ఒక కాగితం మీద ఒకలా, ఇంకో కాగితం మీద ఇంకోలా రాసి ఉంటారు. ఇవన్నీ యంత్రానికి ఎవరు చెప్పాలి? చివరికి ఒక అధికారి స్వయంగా ఆమె ఇంటికొచ్చాడు. రేకుల కప్పు, ఒక మంచం, రెండు గిన్నెలు. విషయం అయిదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ అయిదు నిమిషాల కోసం ఆమె పదకొండు నెలలు తిరిగింది.

ఇది ఒక్క మా సహోదరి కథే అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. తెలంగాణలో 2016 నుంచి లక్షల సంఖ్యలో రేషను కార్డులు రద్దయ్యాయి. 'సమగ్ర వేదిక' అనే కంప్యూటరు వ్యవస్థ వివిధ ప్రభుత్వ శాఖల దగ్గరున్న వాహనాలు, ఆస్తులు వంటి వివరాలను పేర్లతో, చిరునామాలతో జతచేసి చూసి, ఫలానావారు అనర్హులని చెప్పే పద్ధతి ఇందులో వాడారు. నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వెళ్లి విచారించకుండా కార్డులు తీసేశారంటూ ఒక సామాజిక కార్యకర్త న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అలా రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల విషయంలో క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ జరపాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తర్వాత ఆ ఏడాది జూలై నాటికి సుమారు రెండు లక్షల దరఖాస్తుల పరిశీలన పూర్తయితే, వాటిలో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. వందకు ఏడుగురే కదా అని శాతాల్లో చూస్తే చిన్నదిగా అనిపిస్తుంది. తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లిన కాపరిని ప్రభువుగా ఒప్పుకున్నవారికి మాత్రం ఆ ఏడు చిన్న అంకె కాదు.

ఇది మన దేశానికి, మన పేదరికానికి మాత్రమే పరిమితమైన జబ్బు అనుకుంటే పొరపాటు. సంపన్న దేశమైన ఆస్ట్రేలియాలో 'రోబోడెట్' అని జనం పిలిచిన పథకం ఒకటి నడిచింది. సంక్షేమ సహాయం పొందేవారి సంవత్సరపు ఆదాయాన్ని పన్నుల శాఖ లెక్కల్లోంచి తీసుకుని, దాన్ని ఏడాదిలోని ఇరవై ఆరు పక్షాలకు సమానంగా పంచి, "ఈ పక్షంలో నీకు ఇంత ఆదాయం ఉంది, సహాయం ఎక్కువ తీసుకున్నావు, తిరిగి కట్టు" అని కంప్యూటరు తాఖీదులు పంపింది. మిరప కోతల్లో రెండు నెలలు బాగా సంపాదించి మిగతా పది నెలలు పస్తులుండే కూలీ ఆదాయాన్ని పన్నెండు నెలలకూ సమానంగా పంచితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆకలిగా ఉన్న నెలల్లో కూడా ఆమె కడుపు నిండినట్టే కాగితం మీద కనబడుతుంది! తమకు బాకీ లేదని నిరూపించుకునే భారం కూడా బీదల మీదే వేశారు. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని 2019 నవంబరులో కోర్టులో తేలిపోయింది. వసూలు చేసిన 72 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును తిరిగి ఇచ్చేస్తామని ప్రభుత్వం 2020లో ప్రకటించింది. 2023 జూలైలో రాయల్ కమిషన్ తన నివేదికలో ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. గమనించండి, అక్కడ వాడింది గొప్ప కృత్రిమ మేధేమీ కాదు, మన పిల్లలు బడిలో చేసే భాగహారమే. లెక్క తప్పలేదు, ఆ లెక్కను మనుషుల మీద ప్రయోగించిన తీరు తప్పింది.

నెదర్లాండ్స్‌లో జరిగింది ఇంకా ఘోరం. ప్రొటెస్టెంట్ విశ్వాసానికి పేరుపొందిన దేశమది. అబ్రహాం కైపర్ అనే వేదాంతి, పాస్టరు 1901 నుంచి 1905 వరకు ప్రధానమంత్రిగా పనిచేసిన దేశం. అక్కడ పిల్లల సంరక్షణ ఖర్చు కోసం తల్లిదండ్రులకిచ్చే సహాయంలో ఎవరు మోసం చేసే అవకాశం ఉందో పసిగట్టడానికి, తనంతట తానే నేర్చుకునే ఒక కంప్యూటరు విధానాన్ని పన్నుల శాఖ వాడింది. డచ్ పౌరసత్వం లేకపోవడం కూడా అనుమానాన్ని పెంచే అంశమైంది! చిన్నచిన్న పొరపాట్లకు ఏడాది పొడవునా ఇచ్చిన మొత్తాన్నంతా తిరిగి కట్టమన్నారు. వేలాది కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి, కాపురాలు విరిగాయి. బాధిత కుటుంబాల నుంచి వెయ్యిమందికి పైగా పిల్లలను అధికారులు ఇతరుల సంరక్షణలోకి తరలించినట్టు తరువాత లెక్కల్లో బయటపడింది. చివరికి 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టె ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది. ఈ అన్యాయాన్ని వెలికితీయడంలో విలేకరులతో పాటు ముందున్న ఎంపీల్లో పీటర్ ఓంట్‌జిగ్ట్ ఒకరు. ఆయన అప్పట్లో క్రిస్టియన్ డెమోక్రటిక్ పార్టీ సభ్యుడు, ఆ పార్టీ అప్పుడు ప్రభుత్వంలో భాగస్వామి. సొంతవారికి ఇబ్బంది అని తెలిసి కూడా ఆయన ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. ప్రజా జీవితంలో ఉన్న క్రైస్తవులకు ఇది మంచి మాదిరి.

ఇప్పుడు బైబిలులోకి వద్దాం. సొదొమ గొమొఱ్ఱాల మీద మొర చాలా గొప్పదైంది. వారి పాపం అందరికీ తెలిసిందే. అయినా దేవుడు తీర్పు తీర్చే ముందు ఏమన్నాడు? తన దగ్గరికి వచ్చిన మొర నిజమో కాదో దిగివెళ్లి చూసి తెలుసుకుంటానన్నాడు (ఆది. 18:20,21). సర్వజ్ఞుడైన దేవునికి దిగివచ్చి చూడవలసిన అవసరమేముంది? సెమినరీలో చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్న మమ్మల్నీ ఇబ్బంది పెట్టింది. ఆయనకు తెలియక కాదు, తీర్పు తీర్చేవాడు ఎలా ఉండాలో మనకు చూపించడానికే అలా చేశాడని మేము నమ్ముతాం. ఏదెనులో కూడా ఆయన శిక్ష ప్రకటించే ముందు ఆదామును పిలిచి, ఎక్కడున్నావని అడిగాడు. కయీనునూ అడిగాడు. అన్నీ తెలిసిన దేవుడే అడగకుండా తీర్పు తీర్చకపోతే, సగం సగం తెలిసిన యంత్రాన్ని నమ్మి మనం ఎలా తీర్పు తీరుస్తాం?

ఆ అధ్యాయం అక్కడితో ఆగలేదు. అబ్రాహాము దేవుని యెదుట నిలబడి వాదించాడు. యాభైమంది నీతిమంతులుంటే? నలభై అయిదుగురే ఉంటే? నలభై? ముప్పై? ఇరవై? పది? సర్వలోకానికి తీర్పరియైనవాడు న్యాయం చేయవద్దా అని నిలదీశాడు. దేవుడు విసుక్కోలేదు. ప్రతిసారీ విన్నాడు, ప్రతిసారీ జవాబిచ్చాడు. నేటి మాటల్లో చెప్పాలంటే ఇది అప్పీలు. దిగివచ్చి చూడటం, ఎదుటివాడి మాట వినడం, అడిగినవాడికి జవాబు చెప్పడం. ఈ మూడూ ఉంటేనే అది తీర్పు. మనిషి మాట వినకుండా అతనికి తీర్పు తీర్చడం మన ధర్మశాస్త్రంలో ఉందా అని నీకొదేము పరిసయ్యులను అడిగింది కూడా ఇదే (యోహాను 7:51). మా సహోదరికి పదకొండు నెలలపాటు ఈ మూడింటిలో ఒక్కటీ దొరకలేదు.

అలాగని కంప్యూటర్లను తగలబెట్టమని మేము చెప్పడం లేదు. దొంగ కార్డులున్నాయన్నది నిజం. చనిపోయినవారి పేర్ల మీద బియ్యం ఎత్తుకున్నవారూ ఉన్నారు, అదీ బీదల నోటి కూడే. డబ్బు నేరుగా ఖాతాలో పడటం వల్ల మధ్యలో చేయి తడపాల్సిన బాధ తప్పినవారు మా సంఘంలోనే ఉన్నారు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు తీరుస్తుంటే, ఇది మంచి పద్ధతి కాదని మామ యిత్రో చెప్పాడు, మోషే విన్నాడు (నిర్గమ. 18). పరిపాలనలో వేగం, క్రమం దేవునికి ఇష్టమైనవే. అయితే యిత్రో ఎవరిని పెట్టమన్నాడు? దేవునికి భయపడేవారిని, సత్యవంతులను, లంచాన్ని అసహ్యించుకునేవారిని. కష్టమైన వ్యాజ్యం వస్తే అది మోషే దగ్గరికి రావాలన్నాడు. యంత్రం లంచం తీసుకోదు, నిజమే. కానీ అది లంచాన్ని అసహ్యించుకోనూ లేదు, దేవునికి భయపడనూ లేదు. తనకు తెలియదని తెలుసుకుని కష్టమైన కేసును తనంతట తానే పైకి పంపుతుందన్న హామీ కూడా లేదు. అందుకే యంత్రం సహాయకుడిగా ఉండవచ్చు గానీ న్యాయాధిపతిగా ఉండకూడదు. అనుమానం ఉన్న పేర్లను అది చూపించవచ్చు. ఆ పేరు కొట్టివేయాలా వద్దా అన్నది మాత్రం ఇల్లు చూసిన మనిషి చెప్పాలి.

ఆఫీసులో ఆ కుర్రవాడి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా మాకు దర్యావేషు రాజు గుర్తొస్తాడు. ముప్పై రోజుల శాసనం మీద ఆయనే సంతకం పెట్టాడు. దానివల్ల దానియేలు సింహాల గుహలో పడతాడని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. సూర్యుడు అస్తమించేదాకా విడిపించడానికి తంటాలు పడ్డాడు, కుదరలేదు. మాదీయుల, పారసీకుల శాసనాన్ని రాజైనా మార్చకూడదట (దాని. 6:14,15). తాను చేసిన శాసనానికి తానే బందీ అయిపోయాడు! "మాకూ ఇవ్వాలనే ఉందండి, సిస్టమ్ ఒప్పుకోవడం లేదు" అనే అధికారి పరిస్థితి అదే. అయితే దర్యావేషుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, భోజనం చేయలేదు, తెల్లవారగానే గుహ దగ్గరికి పరుగెత్తాడు. కంప్యూటరుకు నిద్ర పట్టకపోవడమన్నది లేదు. లూకా 18లోని విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసిగించి విసిగించి న్యాయం సాధించుకుంది. ఆ చెడ్డ న్యాయాధిపతికి కనీసం విసుగైనా ఉంది. ఈనాటి విధవరాలు ఎవరిని విసిగించాలి?

ఇంతదాకా ప్రభుత్వాలను వేలెత్తి చూపాం. ఇప్పుడు ఆ వేలు మా వైపు తిప్పుకోవాలి. 2020 లాక్‌డౌన్‌లో మా సంఘం బియ్యం బస్తాలు పంచింది. ఎవరికివ్వాలని ప్రశ్న వస్తే హాజరు పుస్తకం తీశాం. ఆరు నెలలుగా రానివారి పేర్లు కొట్టేశాం. అందులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన విశ్వాసంలో చల్లారిపోయాడనుకున్నాం. పక్షవాతంతో మంచాన పడ్డాడని ఆ తర్వాత తెలిసింది. ఆయన ఇల్లు చర్చికి నాలుగు వీధుల అవతలే ఉంది. మాలో ఎవ్వరమూ దిగివెళ్లి చూడలేదు. ఆ పని చేసింది కంప్యూటరు కాదు, మేమే. మనుషులు కూడా యంత్రంలా తీర్పు తీర్చగలరని ఆ రోజు తెలిసింది. మేము వెళ్లి క్షమాపణ అడిగితే ఆయన మంచం మీంచే చేయి పట్టుకుని, "ఇప్పుడొచ్చారుగా అయ్యగారూ" అన్నాడు. ఆ మాట మమ్మల్ని ఈనాటికీ వదలలేదు.

అందుచేత విశ్వాసులు చేయదగినవి కొన్నున్నాయి. పాలకులు మనకు మేలు కలిగించడానికి దేవుడు నియమించిన సేవకులని పౌలు రాశాడు (రోమా. 13:4). సేవకుడు జవాబు చెప్పవలసినవాడే. కాబట్టి లోబడుతూనే, వినయంగా అడుగుదాం. కార్డు గానీ పింఛను గానీ ఆపే ముందు ఆ వ్యక్తికి నోటీసు రావాలి. కారణం తెలుగులో, అర్థమయ్యే మాటల్లో ఉండాలి. ఇల్లు చూసిన అధికారి పేరు ఆ కాగితం మీద ఉండాలి. తప్పని తేలేదాకా నోటికాడి కూడు తీయకూడదు. ఇవి కొత్త కోరికలేమీ కావు. నిర్ణయాల వల్ల ప్రభావితమైనవారికి అందుకు కారణాలు చెప్పాలని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోనే ఉంది. రేషను విషయంలో ఫిర్యాదులు వినడానికి జిల్లా స్థాయిలో ఒక అధికారి ఉండాలని 2013 నాటి ఆహార భద్రత చట్టం చెబుతోంది. యూరప్‌లో 2024లో అమలులోకి వచ్చిన కృత్రిమ మేధ చట్టం, ప్రభుత్వ సహాయానికి ఎవరు అర్హులో తేల్చే వ్యవస్థలను ఎక్కువ ప్రమాదమున్న వాటి జాబితాలో చేర్చింది. కాగితం మీద హక్కులున్నాయి. వాటిని పట్టుకుని ఆఫీసు మెట్లెక్కే మనిషి ఆ విధవరాలికి తోడు కావాలి.

ఆ తోడు సంఘం కాకపోతే ఇంకెవరు? ప్రతి సంఘంలోనూ చదువుకున్న యువకులున్నారు. ఫోనులో అన్నీ చూడగలరు, అర్జీ రాయగలరు. నెలకు ఒక్క శనివారం కేటాయించి, సంఘంలోని వృద్ధులు, విధవరాండ్రు, వికలాంగుల కార్డులు, పేర్లు సరిచూసి, తేడాలుంటే సరిచేయించే పరిచర్య మొదలుపెట్టండి. మన వీధిలోని హిందూ, ముస్లిం సోదరీమణులకు కూడా చేయండి, ఆకలికి మతం లేదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్న మన బిడ్డలకు ఒక మాట. మీరు రాసే ప్రోగ్రాములో ఒక వరుస ఎక్కడో ఒక ముసలితల్లి కంచంలోకి వెళ్తుంది. ఆమె ముఖం మీకు కనబడకపోవచ్చు, దేవునికి కనబడుతుంది. ప్రభుత్వోద్యోగాల్లో ఉన్న విశ్వాసులారా, స్తెఫను కూర్చున్న కుర్చీలో మీరున్నారు. "సిస్టమ్‌లో అలా ఉంది" అని చెప్పే ముందు ఒక్కసారి లేచి వెళ్లి చూడండి.

పరలోక సింహాసనం మీదనుంచే మన లెక్కలన్నీ చూసి, మనం అనర్హులమని కొట్టివేసే అధికారం మన దేవునికి ఉంది. ఆయన అలా చేయలేదు. దిగివచ్చాడు. మన మధ్య నివసించాడు. మన ఆకలి ఆయన కడుపుకు తెలుసు, మన కన్నీళ్లు ఆయన కళ్లకు తెలుసు. దిగివచ్చిన దేవుణ్ణి ఆరాధించే మనం, నాలుగు వీధుల అవతలికి దిగివెళ్లలేమా?